మనుషుల్ని పంపడం నుంచి సరుకు పంపడం దాకా: మన టెక్ కంపెనీలు విదేశీ మార్కెట్‌లోకి ఎలా వెళ్తాయి?

ఈ ఎపిసోడ్ స్టూడియోలో కూర్చుని ఆలోచిస్తే వచ్చింది కాదు. పోయిన నెల మా ఊరు తిరుమలాయపాలెం వెళ్లినప్పుడు సెంటర్లో టీ కొట్టు దగ్గర వచ్చింది. ఖమ్మంలో బీటెక్ అయిపోయిన ఒక తమ్ముడు నా పక్కన కూర్చున్నాడు. ఎంఎస్ కోసం అమెరికా వెళ్లాలని ఇంట్లో అప్పటికే లోను మాటలు నడుస్తున్నాయి. 2025 సెప్టెంబర్‌లో అమెరికా ప్రభుత్వం దేశం బయటి నుంచి వచ్చే కొత్త హెచ్-1బీ దరఖాస్తులకు లక్ష డాలర్ల ఫీజు పెట్టింది కదా, అప్పటి నుంచి వాళ్ల నాన్నకి నిద్ర లేదు. ఆ తమ్ముడు అన్నాడు: "అన్నా, ముప్పై ఏళ్లుగా మనం మనుషుల్నే పంపిస్తున్నాం. ఇక్కడ కూర్చుని సాఫ్ట్‌వేర్ తయారుచేసి, సరుకు పంపించినట్టు ఎందుకు పంపించలేకపోతున్నాం?"

మంచి ప్రశ్న. నిజానికి పంపిస్తున్నవాళ్లు ఉన్నారు. ఎలా పంపిస్తున్నారు, ఎక్కడ దెబ్బ తింటున్నారు, దానికి ఏం కావాలి అన్నది ఈరోజు వరుసగా చూద్దాం. మన హైదరాబాద్ కంపెనీలతోనే మొదలుపెడదాం.

ముందు మిర్చి గురించి రెండు మాటలు

సాఫ్ట్‌వేర్ టాపిక్‌లో మిర్చి ఏంటి అనకండి. మా మండలంలో ఇంటింటికీ తెలిసిన ఎగుమతి అదే. మా నాన్న తేజ మిర్చి వేస్తారు. బస్తాలు ఖమ్మం మార్కెట్ యార్డుకు వెళ్తాయి. అక్కడి నుంచి చైనాకి, బంగ్లాదేశ్‌కి, ఇంకా చాలా చోట్లకి పోతాయి. అంటే మా ఊరు ఎప్పటి నుంచో అంతర్జాతీయ మార్కెట్‌లో ఉంది. కానీ చైనాలో ఆ కారం తినేవాడికి తిరుమలాయపాలెం పేరు తెలియదు. మధ్యలో కమీషన్ దుకాణం, ఖరీదుదారు, ఎగుమతిదారు ఉంటారు. కొనేవాడితో సంబంధం ఎవరికి ఉంటే లాభంలో పెద్ద వాటా వాళ్లది.

ఇది గుర్తు పెట్టుకోండి. సాఫ్ట్‌వేర్‌లో కూడా ఆట మొత్తం ఇదే. కొనేవాడికి ఎంత దగ్గరగా ఉన్నావు, వాడు నిన్ను ఎంత నమ్ముతున్నాడు, సరుకు మీద ఎవరి పేరుంది. ఈ మూడే.

మొదటి దారి: గంటలు అమ్మడం

1987లో బి. రామలింగరాజు సికింద్రాబాద్‌లో సత్యం కంప్యూటర్స్ మొదలుపెట్టారు. అప్పట్లో అమెరికాలో ఒక పెద్ద కంపెనీ, తన కంప్యూటర్ పనిని తానెప్పుడూ చూడని ఊళ్లో చేయిస్తుందని ఎవరూ అనుకోలేదు. 1991లో ట్రాక్టర్లు చేసే జాన్ డీర్ సత్యంకి పని ఇచ్చింది. ఫార్చ్యూన్ 500 జాబితాలో ఉన్న కంపెనీ సత్యంకి కస్టమర్ కావడం అదే మొదలు.

అది ఎలా సాధ్యమైంది? మూడు కారణాలు కలిశాయి. ఒకటి, జీతాల తేడా. రెండు, వేళల తేడా: వాళ్లకి రాత్రి అయ్యేసరికి మనకి తెల్లారుతుంది, వాళ్లు నిద్ర లేచేసరికి పని అయిపోయి ఉంటుంది. మూడోది లింకు. 1985లోనే టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ బెంగళూరులో ఆఫీసు పెట్టి శాటిలైట్ ద్వారా అమెరికాకి కలిపింది. 1991లో కేంద్ర ప్రభుత్వం సాఫ్ట్‌వేర్ టెక్నాలజీ పార్కుల సంస్థను పెట్టాక, సొంతంగా డిష్ పెట్టుకునే స్తోమత లేని చిన్న కంపెనీలకు కూడా ఆ లింకు అందుబాటులోకి వచ్చింది. అంతకుముందు కోడ్ టేపుల్లో విమానం ఎక్కేది, లేదంటే మనిషే ఎక్కేవాడు.

తర్వాత వైటుకే వచ్చింది. పాత ప్రోగ్రాముల్లో సంవత్సరాన్ని రెండంకెల్లో రాసేవాళ్లు. 2000 వస్తే అది 00 అవుతుంది, కంప్యూటర్ దాన్ని 1900 అనుకుంటుంది. కోట్ల లైన్ల కోడ్ తెరిచి సరిచేయాలి. అంతమంది ప్రోగ్రామర్లు అమెరికాలో లేరు, మన దగ్గర ఉన్నారు. అమీర్‌పేట కోచింగ్ సెంటర్ల బోర్డులు గోడలు నిండిపోయింది ఆ రోజుల్లోనే. 1998లో హైటెక్ సిటీలో సైబర్ టవర్స్ ప్రారంభమైంది. 2001లో సత్యం న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజ్‌లో లిస్ట్ అయింది.

ఈ మోడల్ బలం, బలహీనత రెండూ ఒక్క లెక్కలో కనపడతాయి. లెక్క కోసం అనుకుందాం: పది మంది ఇంజనీర్లు, నెలకి 160 గంటలు, గంటకి 25 డాలర్లు. నెలకి 40,000 డాలర్ల బిల్లు. ఆదాయం రెట్టింపు కావాలంటే? ఇరవై మంది కావాలి. మళ్లీ రెట్టింపు అంటే నలభై మంది. మనుషులు పెరగకుండా ఆదాయం పెరగదు. అందుకే సర్వీస్ కంపెనీలు క్యాంపస్‌లకు వచ్చి బస్సుల కొద్దీ పిల్లల్ని తీసుకునేవి. అందుకే పని తగ్గితే "బెంచ్" అనే మాట వింటే మనకి గుండె జారుతుంది. నేనూ బెంచ్ మీద కూర్చున్నవాడినే, ఆ నాలుగు నెలలు ఎలా ఉంటాయో తెలుసు.

నమ్మకం పోతే ఏమవుతుంది

సత్యం కథలో రెండో సగం మనందరికీ తెలుసు. కానీ దాన్ని కుంభకోణం కథగానే చెప్పుకుంటాం. విదేశీ మార్కెట్ కోణంలో చూస్తే అందులో ఇంకో పాఠం ఉంది.

2009 జనవరి 7న రామలింగరాజు బోర్డుకి రాసిన లేఖ బయటికి వచ్చింది. పుస్తకాల్లో చూపించిన నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్ల రూపాయలు అసలు లేవని ఆయనే ఒప్పుకున్నారు. అప్పటికి కంపెనీలో దాదాపు 50 వేల మంది ఉన్నారు. ఫుట్‌బాల్ ప్రపంచ కప్‌కి ఐటీ సేవలు అందించే ఒప్పందం కూడా ఉంది. ఆ వారం హైదరాబాద్‌లో ఎన్ని ఇళ్లలో పొయ్యి వెలగలేదో మన పెద్దవాళ్లని అడగండి. నేను అప్పుడు స్కూల్లో ఉన్నా. మా బంధువుల ఇంట్లో ఒక పెళ్లి సంబంధం "అబ్బాయి సత్యం" అన్న ఒక్క ముక్కతో ఆగిపోయింది. నెల క్రితం అదే ముక్క ఆ సంబంధానికి పెద్ద ప్లస్ పాయింట్.

ఇప్పుడు అసలు విషయం. ఆ 50 వేల మంది రాసిన కోడ్ అబద్ధం కాదు. ప్రాజెక్టులు నిజం, కస్టమర్లు నిజం. లెక్కలు మాత్రం అబద్ధం. అయినా విదేశీ కస్టమర్ ఆలోచన వేరుగా ఉంటుంది. "నా బ్యాంకు సిస్టమ్, నా ఫ్యాక్టరీ సిస్టమ్ వీళ్ల చేతిలో ఉంది. వచ్చే నెల వీళ్లు ఉంటారా?" అదొక్కటే ప్రశ్న. అందుకే కేంద్ర ప్రభుత్వం రోజుల్లోనే పాత బోర్డుని తీసేసి కొత్త డైరెక్టర్లని పెట్టింది. ఏప్రిల్‌లో టెక్ మహీంద్రా బిడ్‌లో గెలిచింది. 2013లో కంపెనీ పూర్తిగా అందులో కలిసిపోయింది. 2015లో హైదరాబాద్‌లోని ప్రత్యేక కోర్టు రాజుతో సహా పది మందిని దోషులుగా తేల్చింది. వాళ్లు అప్పీలుకు వెళ్లారు, శిక్ష అమలు ఆగింది. కంపెనీ పేరు పోయింది కానీ పని ఆగలేదు. ఎందుకంటే ఆ మూడు నెలలు ఇంజనీర్లు రోజూ ఆఫీసుకి వచ్చి కస్టమర్ పని చేశారు. జీతం వస్తుందో రాదో తెలియకుండానే వచ్చారు. నా దృష్టిలో ఆ కథలో హీరోలు వాళ్లే.

రెండో దారి: ఒక్క పనిలో లోతు

అదే హైదరాబాద్‌లో ఇంకో దారి కూడా నడిచింది. 1991లో బి.వి.ఆర్. మోహన్ రెడ్డి ఇన్ఫోటెక్ ఎంటర్‌ప్రైజెస్ పెట్టారు. ఇప్పుడు దాని పేరు సైయెంట్, 2014లో మార్చారు. వాళ్లు "ఏ పనైనా చేస్తాం" అనలేదు. మ్యాపుల్ని కంప్యూటర్‌లోకి ఎక్కించడం, ఇంజనీరింగ్ డిజైన్, ఈ రెండింటి మీద కూర్చున్నారు. బ్రిటన్‌లో, జర్మనీలో చిన్న కంపెనీల్ని కొన్నారు. ఎందుకు? టెక్నాలజీ కోసం కన్నా, అక్కడి కస్టమర్‌కి తెలిసిన ముఖం కోసం. జర్మనీ ఇంజనీర్ తన భాషలో మాట్లాడేవాడి దగ్గరే కొంటాడు.

విమాన ఇంజిన్లు చేసే ప్రాట్ అండ్ విట్నీతో వాళ్ల సంబంధం ఏళ్ల తరబడి నడిచింది. విమాన ఇంజిన్ భాగం డిజైన్ చేయడం నేర్చుకోవడానికి చాలా టైం పడుతుంది. కానీ ఒకసారి నేర్చుకున్నాక, నిన్ను తీసేసి ఇంకొకడిని పెట్టుకోవడం కస్టమర్‌కి కూడా అంతే కష్టం. గంట రేటు తక్కువని వచ్చిన కస్టమర్, ఇంకొకడు ఇంకో డాలర్ తగ్గిస్తే వెళ్లిపోతాడు. నీకు పని తెలుసని వచ్చినవాడు అంత తొందరగా వెళ్లడు.

మూడో దారి: మనిషి కదలకుండా అమ్మడం

2010 దాకా చాలామంది నమ్మకం ఒకటే: సాఫ్ట్‌వేర్ ప్రాడక్ట్ అమ్మాలంటే అమెరికాలో సూట్ వేసుకున్న సేల్స్‌మ్యాన్ ఉండాలి. దీన్ని మార్చింది సాస్. అంటే సాఫ్ట్‌వేర్‌ని అమ్మకుండా ఇంటర్నెట్‌లో నెలవారీ అద్దెకివ్వడం.

2010లో చెన్నైలో గిరీష్ మాతృభూతం, షాన్ కృష్ణసామి ఫ్రెష్‌డెస్క్ మొదలుపెట్టారు. కస్టమర్ల ఫిర్యాదులు చూసుకునే సాఫ్ట్‌వేర్ అది. అదే రంగంలో ఉన్న ఒక అమెరికన్ కంపెనీ రేట్లు పెంచితే, దాని వాడకందారులు ఇంటర్నెట్‌లో కోపంగా రాసిన మాటలు గిరీష్ చదివారు. అక్కడ ఖాళీ కనపడింది. వాళ్ల మొదటి కస్టమర్ ఆస్ట్రేలియాలో ఒక కాలేజీ. ఎవరూ విమానం ఎక్కలేదు. వాళ్లే వెబ్‌సైట్‌కి వచ్చారు, వాడి చూశారు, కార్డుతో డబ్బు కట్టారు. 2021 సెప్టెంబర్‌లో ఫ్రెష్‌వర్క్స్ నాస్‌డాక్‌లో లిస్ట్ అయింది.

ఇందాకటి లెక్క మళ్లీ వేద్దాం, ఇదీ ఊహే. ఒక్కో సీటుకి నెలకి 15 డాలర్లు. ఒక్కో కస్టమర్ దగ్గర పది సీట్లు. వెయ్యి మంది కస్టమర్లు. నెలకి లక్షా యాభై వేల డాలర్లు. కస్టమర్లు రెండు వేలైతే ఇంజనీర్లు రెట్టింపు కానక్కర్లేదు. తేడా ఇక్కడే. కాకపోతే ఆ మొదటి వెయ్యి మంది వచ్చేదాకా చేతిలో డబ్బు ఖాళీ అవుతూనే ఉంటుంది. గంటలు అమ్మేవాడికి నెలాఖరుకి బిల్లు వస్తుంది. సరుకు అమ్మేవాడు పంట చేతికొచ్చేదాకా పెట్టుబడి పెట్టాలి, రైతులాగే.

ఇంకో ఉదాహరణ జోహో. 1996లో అడ్వెంట్‌నెట్ అన్న పేరుతో మొదలైంది, టెలికాం పరికరాల కంపెనీలకు సాఫ్ట్‌వేర్ అమ్మేది. 2001 నాటికి అమెరికాలో డాట్‌కామ్ బుడగ పగిలి ఆ కస్టమర్లే మూతపడుతుంటే, చిన్న వ్యాపారాలకు పనికొచ్చే సాఫ్ట్‌వేర్ వైపు తిరిగారు. బయటి పెట్టుబడి తీసుకోకుండా పెరిగారు. 2011లో తమిళనాడులో తెన్‌కాశి దగ్గర ఒక పల్లెలో ఆఫీసు పెట్టారు. ఇది మా తమ్ముడికి చెప్తే కళ్లు పెద్దవయ్యాయి. "పల్లె నుంచా అన్నా?" పల్లె నుంచే. కాకపోతే ఒక మాట: అప్పటికే కంపెనీకి పదిహేనేళ్లు. ముందు మార్కెట్ సంపాదించుకున్నారు, తర్వాత పల్లెకి వచ్చారు. ఈ వరుస మర్చిపోవద్దు.

నాలుగో దారి: ముందు పక్కింటికి

ఇది నాకు బాగా నచ్చిన దారి. 2015లో హైదరాబాద్‌లో జయంత్ పాలేటి, రోహిత్ చెన్నమనేని, చైతన్య పెద్ది కలిసి డార్విన్‌బాక్స్ పెట్టారు. ఉద్యోగుల సెలవులు, జీతాలు, ప్రమోషన్లు చూసుకునే సాఫ్ట్‌వేర్. ఈ రంగంలో అమెరికా, యూరప్ దిగ్గజాలున్నాయి. వీళ్లు ముందు ఇండియాలో పెద్ద కంపెనీలకు అమ్మి, ఆ తర్వాత ఆగ్నేయ ఆసియాకి వెళ్లారు. ఎందుకు?

ఇండోనేషియాలో పండగ ముందు ఉద్యోగికి ఒక నెల జీతం అదనంగా ఇవ్వాలి, చట్టం. పండగకి కనీసం వారం ముందే ఇవ్వాలి. ఉద్యోగి మతాన్ని బట్టి ఆ పండగ మారొచ్చు. ఫిలిప్పీన్స్‌లో పదమూడో నెల జీతం అని ఉంది, డిసెంబర్ 24 లోపు ఇవ్వాలి. అమెరికాలో తయారైన సాఫ్ట్‌వేర్‌కి ఇవి తలనొప్పి. మనకి? బోనస్ చట్టం, పీఎఫ్, ఈఎస్ఐ, రాష్ట్రానికో వృత్తి పన్ను చూసినవాళ్లకి ఇంకో రెండు రూల్స్ కొత్త కాదు. పైగా ఫ్యాక్టరీ కార్మికుడికి ల్యాప్‌టాప్ ఉండదు, ఫోన్ మాత్రమే ఉంటుంది. ఇండియాలోనూ అంతే, ఇండోనేషియాలోనూ అంతే.

అంటే మన ఇబ్బందులే మన అనుభవం అయ్యాయి. ఎదుగుతున్న దేశం కంపెనీకి ఉన్న అసలు బలం తక్కువ జీతాలు కాదని నేను అనేది ఇందుకే. నెట్ సరిగ్గా రాని చోట, రూల్స్ చిక్కుముడిగా ఉన్న చోట, కస్టమర్ ప్రతి రూపాయికి లెక్క అడిగే చోట పనిచేసే సరుకు తయారుచేయడం వీళ్లకి వచ్చు. ప్రపంచంలో ఎక్కువమంది ఉండేది అలాంటి చోట్లలోనే.

2022 జనవరిలో డార్విన్‌బాక్స్ యూనికార్న్ అయింది, అంటే విలువ 100 కోట్ల డాలర్లు దాటింది. ఇక్కడ ఖమ్మం వాళ్లకి అర్థమయ్యేలా ఒక మాట చెప్తా. మార్కెట్ యార్డులో పొద్దున్నే జెండా పాట పాడతారు. ఆరోజు మంచి సరుకుకి పలికిన పెద్ద రేటు అది. పేపర్లో వచ్చేది అదే. కానీ యార్డుకి వచ్చిన అందరికీ ఆ రేటు రాదు. తాలు కాయకి ఇంకో రేటు, తేమ ఉంటే ఇంకో రేటు. యూనికార్న్ వార్త కూడా జెండా పాట లాంటిదే. అది చూసి పంట వేస్తే మునుగుతాం.

నాకు తగిలిన దెబ్బ

ఇప్పుడు నా కథ. నేను హైదరాబాద్‌లో ఒక చిన్న ప్రాడక్ట్ కంపెనీలో పనిచేశా, పేరు వద్దు. పద్నాలుగు మందిమి. గోడౌన్లలో స్టాక్ చూసుకునే సాఫ్ట్‌వేర్ మాది. సింగపూర్ నుంచి ఒక కస్టమర్ వచ్చాడు. డెమో నచ్చింది, రేటు నచ్చింది. ఆఫీసులో స్వీట్లు కూడా పంచుకున్నాం. తర్వాత ఒక ఎక్సెల్ షీట్ పంపాడు. సెక్యూరిటీ ప్రశ్నలు, రెండు వందలకి పైగా. డేటా ఏ దేశంలో ఉంటుంది? ఉద్యోగం మానేసినవాడి లాగిన్ ఎన్ని గంటల్లో తీసేస్తారు? బ్యాకప్ నుంచి తిరిగి తెచ్చి చూసిన ఆఖరి తేదీ ఏది? ఐఎస్ఓ 27001 సర్టిఫికెట్ ఉందా?

బ్యాకప్ తీసేవాళ్లం. తిరిగి తెచ్చి ఎప్పుడూ చూడలేదు. సర్టిఫికెట్ లేదు. షీట్ నింపే పని నాది. మీటింగ్‌లో ఒకరు అన్నారు, "ఉందని రాసెయ్, ఆర్డర్ వచ్చాక తెచ్చుకుందాం." అందరం కాసేపు ఏం మాట్లాడలేదు. పద్నాలుగు మంది జీతాలు ఆ షీట్ మీద ఉన్నాయి. నాకు ఆ క్షణంలో సత్యం గుర్తొచ్చింది అంటే డైలాగ్ కొట్టినట్టు ఉంటుంది, కానీ నిజంగా గుర్తొచ్చింది. అక్కడా మొదటి అబద్ధం చిన్నదే అయ్యుంటుంది కదా, తర్వాత సరిచేద్దాంలే అనుకునేంత చిన్నది.

"లేదు" అని రాశా. ఆర్డర్ పోయింది. ముగ్గురిని తీసేయాల్సి వచ్చింది, అందులో ఒకరు నా పక్క సీటు. ఆరు నెలలు కష్టపడి సర్టిఫికెట్ తెచ్చుకున్నాం, కానీ సింగపూర్ వాడు తిరిగి రాలేదు. నిజం చెప్తే చివరికి అంతా మంచే జరుగుతుందని నేను మీకు చెప్పను. మాకు జరగలేదు. కానీ ఆ షీట్ రాకముందే ఆ పని చేసి ఉంటే ఆ ముగ్గురి ఉద్యోగాలు ఉండేవి. అబద్ధమా నిజమా అన్న చిక్కు వచ్చే దాకా ఆగడమే మా అసలు తప్పు.

మరి తిరుమలాయపాలెం నుంచి?

ఆ తమ్ముడికి నేను చెప్పింది మీకూ చెప్తా.

ఒకటి, నీకు బాగా తెలిసిన ఒక్క సమస్య పట్టుకో. మన దగ్గర కోల్డ్ స్టోరేజీలో మిర్చి బస్తా ఏది ఎవరిది, ఎప్పుడు పెట్టారు, ఏ మందు కొట్టిన చేను అన్న లెక్క చాలావరకు కాగితాల మీదే ఉంటుంది. విదేశీ కొనుగోలుదారులు మందుల అవశేషాల పరీక్ష అడుగుతున్నారు. ఆ లెక్క పక్కాగా చూపించే సాఫ్ట్‌వేర్ ఖమ్మంలో పనిచేస్తే గుంటూరులో పనిచేస్తుంది. గుంటూరులో పనిచేస్తే వియత్నాంలో మిరియాలకి కూడా పనికిరావచ్చు.

రెండు, ముందు ఇక్కడ డబ్బు కట్టే పది మందిని సంపాదించు. ఉచితంగా వాడేవాళ్లు లెక్కలోకి రారు.

మూడు, కాగితాలు మొదటి రోజు నుంచే. సేవల ఎగుమతికి ఎల్‌యూటీ ఫైల్ చేస్తే జీఎస్టీ కట్టకుండానే బిల్లు వేయొచ్చు, చాలామందికి ఇది తెలియదు. యూరప్ కస్టమర్ కావాలంటే 2018 నుంచి అక్కడ అమల్లో ఉన్న డేటా చట్టం జీడీపీఆర్ చదవాలి. బ్యాకప్ తీయడం కాదు, తిరిగి తెచ్చి చూడాలి.

నాలుగు, మొదటి విదేశం అమెరికానే కానక్కర్లేదు. నీ సమస్య ఏ దేశంలో ఉందో అదే నీ మార్కెట్.

ఖమ్మంలో 2020 డిసెంబర్ నుంచి ఐటీ హబ్ ఉంది. అక్కడ కూర్చుని అమెరికా పని చేస్తున్న మన పిల్లలు ఉన్నారు. అది మొదటి దారే, గంటలు అమ్మడమే. తప్పేం లేదు, పని నేర్చుకునేది అక్కడే. డార్విన్‌బాక్స్ వాళ్లూ ముందు ఉద్యోగాలు చేసి వచ్చినవాళ్లే.

ఎంఎస్‌కి వెళ్లొద్దని నేను ఆ తమ్ముడికి చెప్పలేదు. అది వాళ్లింటి నిర్ణయం, లోను కట్టేది వాళ్లు. లేచేటప్పుడు అడిగాడు, "అన్నా, ఆ కోల్డ్ స్టోరేజీ ఓనర్ మీ నాన్నకి తెలుసా?" తెలుసు అన్నా. మర్నాడు పొద్దున ఏడింటికి ఇద్దరూ బండి మీద వెళ్లారు. ఓనర్ గంటసేపు మాట్లాడి, చివరికి, "ముందు నా ఒక్క గది లెక్క చేసి చూపించు, తర్వాత చూద్దాం" అన్నాడట. డబ్బు గురించి ఇంకా మాట రాలేదు. చూద్దాం.

మీ ఊళ్లో ఇలాంటి సమస్య ఏదైనా ఉంటే రాసి పంపండి, రాబోయే ఎపిసోడ్‌లలో ఒక్కొక్కటి తీసుకుని మాట్లాడుకుందాం.